సీసాలో ఆకుపొడి

ఆ ఇంట్లో పొద్దున్నే ముందు కుక్కరు కూస్తుంది, తర్వాత అత్తగారు. ఆ గురువారం మాత్రం వరస తప్పింది. అత్తగారే ముందు లేచి, జుట్టు విరబోసుకుని, ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏమ్మాయ్, ఇంకెంతసేపు? టీలు తర్వాత తాగొచ్చు. ఆదివారానికి నా తల తయారవ్వాలి" అని అక్కణ్ణుంచే కేకేసింది.

కోడలికి నవ్వొచ్చింది. బజారులోని పార్లర్లో ఆమెకు తొమ్మిదేళ్ల అనుభవం. వచ్చినవాళ్లు "రంగులమ్మాయి ఉందా?" అని అడిగి, ఉందంటేనే కూర్చుంటారు. అంత పేరున్నా, కాపురానికొచ్చిన నాలుగేళ్లలో సొంత అత్తగారి తల మీద చెయ్యి వేసే భాగ్యం మాత్రం కలగలేదు. అత్తగారికి ప్యాకెట్ సరుకంటే ఒళ్లు మంట. ప్యాకెట్లో వచ్చేది ఏదీ తన వంటికి తగలకూడదని ఆమె శాసనం. గోరింటాకూ నీలిఆకూ ఎండబెట్టి, వెనక వరండాలోని రోట్లో స్వయంగా దంచి, గాజు సీసాలో పోసుకుని నెలకోసారి తలకు పెట్టుకోవడం అందరూ ఎరిగిన పద్ధతి. అరవై రెండేళ్లొచ్చినా జుట్టు నల్లగా నిగనిగలాడటానికి ఆ సీసానే కారణమని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించి మరీ చెబుతుంది.

అలాంటి మనిషి మనసు మారడానికి కారణం ఒక ఫోటో. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్లు ఆపరేటరుగా పనిచేసింది. పాత ఆపరేటర్లందరూ ఆదివారం కలుసుకుంటున్నారు. అప్పట్లో తనను నానా ఏడిపించిన పొట్టి సూపర్వైజరు, నుదుటికి రెండు పక్కలా తేనెరంగు పాయలతో ఫోటో దిగి అందరికీ పంపింది. అది చూసిన దగ్గర్నుంచి అత్తగారికి కంటిమీద కునుకు లేదు.

"నాకూ అలాంటి పాయలు వెయ్యి. దానికంటే బాగుండాలి. నా తల కుదిరిందా, ఈ ముందుగది నీదే. అద్దం పెట్టుకో, కుర్చీ వేసుకో, బోర్డు కట్టుకో" అంది.

ఆ గది కోసం కోడలు రెండేళ్లుగా కాళ్లావేళ్లా పడుతోంది. పార్లరు యజమానురాలి సాధింపులు పడలేక, ఇంట్లోనే సొంతంగా పని మొదలుపెట్టాలని ఆమె ఆశ. అడిగినప్పుడల్లా "చుట్టాలొస్తే ఎక్కడ కూర్చుంటారు?" అన్న అత్తగారే ఇప్పుడు తనంతట తాను ఇస్తానంటోంది. పార్లరు నుంచి తెచ్చుకున్న పెట్టె కోడలు సంతోషంగా తెరిచింది.

"అత్తయ్యా, ఒక్కటి అడుగుతాను. తలకి ఎప్పుడైనా రంగు వేశారా?"

"రంగా? ఛీ, జన్మలో ముట్టలేదు. ఆకుపొడి తప్ప ఇంకోటి ఎరగదు నా తల."

"దంచిన ఆకే కదా?"

"మరి? సీసా నీ కళ్లకి కనిపించట్లేదా?"

పార్లర్లో కొత్తగా చేరినవాళ్లకి కోడలు మొదటిరోజే రెండు నియమాలు నేర్పుతుంది. చెవి వెనక మందు చుక్క పెట్టి రెండు రోజులు చూడాలి. చిన్న పాయ కత్తిరించి మందులో వేసి చూడాలి. మనుషులు చెప్పింది వినండి, పాయ చెప్పింది నమ్మండి అంటుంది. అలవాటు కొద్దీ ఇప్పుడూ కత్తెర తీసింది.

"ఒక్క చిన్న పాయ కత్తిరించి పరీక్ష చేస్తానత్తయ్యా."

అత్తగారు మెడ తిప్పి చూసింది. "అంటే, నా మాట మీద నమ్మకం లేదా?"

కోడలు ఒకసారి ముందుగది గోడ వైపు చూసింది. అద్దం ఎక్కడ పెట్టాలో ఆమె ఎప్పుడో అనుకుంది. "అయ్యయ్యో, అదేం లేదత్తయ్యా" అని కత్తెర కింద పెట్టేసింది.

నుదుటి చుట్టూ వ్యాజలీన్ రాసి, ఎనిమిది సన్నటి పాయలు తీసి, జుట్టులోని నలుపును తీసే మందు పూసి, ఒక్కొక్కటీ ఫాయిల్ కాగితంలో మడిచింది. ఐదు నిమిషాలైనా గడవలేదు.

"అమ్మాయ్, నెత్తి మీద ఇస్త్రీపెట్టె పెట్టినట్టుందేమిటే?"

కోడలు ఒక ఫాయిల్ ముట్టుకుని ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. మడతలోంచి ఆవిరి వస్తోంది. ముక్కు పగిలే వాసన. మరో మాట లేకుండా అత్తగారిని రెక్క పట్టుకుని స్నానాలగదిలోకి లాక్కెళ్లి, కుళాయి కింద తల ఒంచి, ఫాయిళ్లన్నీ పీకి పారేసింది. చన్నీళ్లతో పాటు ఎనిమిది పాయలూ పాచిరంగుకు తిరిగి, తడిసిన దూదిలా సాగి, తెగి, ఆమె చేతిలోకి వచ్చేశాయి.

అత్తగారు అద్దంలో చూసుకుంది. నుదుటి పైన అంగుళం పొడవున మొండి జుట్టు, దాని కింద ఎర్రగా కందిన చర్మం. ఇక నోరు ఆగలేదు.

"నాశనం చేశావు కదే! తొమ్మిదేళ్ల అనుభవమట అనుభవం! ఊళ్లోవాళ్ల తలలన్నీ బాగుచేసి నా తలకి నిప్పు పెట్టావా? బతికుండగానే తలకొరివి పెట్టేశావు కదే!"

ఆ కేకలకి మామగారు పేపరు పట్టుకునే లేచి వచ్చాడు. డ్యూటీకి బయల్దేరబోతున్న కొడుకు బూట్లతోనే పరిగెత్తుకొచ్చాడు. అతను లిఫ్టుల మెకానిక్. తల్లి తల చూసి, భార్య చేతిలోని పాయలు చూసి, రెండో ఆలోచన లేకుండా నోరు జారాడు.

"పని రానప్పుడు రాదని చెప్పొచ్చు కదా! అమ్మ తల మీదేనా నీ ప్రయోగాలు?"

అత్తగారి తిట్లన్నీ కోడలు దులిపేసుకుంది గానీ, ఈ ఒక్క మాట గుండెల్లో దిగబడింది.

"పని రాదా నాకు? మీ లిఫ్టు మధ్యలో ఆగిపోతే ముందు మెకానిక్కుని తిడతారా, తలుపులో ఎవరు ఏం ఇరికించారో చూస్తారా?"

"ఇంకా ఎదురు మాట్లాడుతోందిరా!" అత్తగారు గోడకు చేరగిలబడింది. "ముందుగది సంగతి మర్చిపో. నా కంఠంలో ప్రాణముండగా ఆ గదిలో కత్తెర చప్పుడు వినపడకూడదు. తెలిసిందా?"

కోడలు పళ్లు బిగించి వంటింట్లోకి వెళ్లి రెండు గాజు గ్లాసులు తెచ్చి, భోజనాల బల్ల మీద టక్కున పెట్టింది. పెట్టెలోంచి మందు తీసి రెండింట్లోనూ సమానంగా పోసింది. తన జడ చివర కాస్త కత్తిరించి మొదటి గ్లాసులో వేసింది. అత్తగారి వెనక్కి వెళ్లి, ఈసారి అడగకుండానే, చెవి పక్కన చిన్న పాయ చటుక్కున కత్తిరించింది.

"ఏయ్!"

"ఇంత పోయాక ఇదొక లెక్కా?" అని దాన్ని రెండో గ్లాసులో పడేసింది.

నలుగురూ బల్ల చుట్టూ నిలబడ్డారు. మొదటి గ్లాసులో వెంట్రుకలు తాపీగా తేలుతున్నాయి. రెండో గ్లాసు మాత్రం మొదట బుడగలు కక్కింది, తర్వాత బుసబుసా పొంగింది. మందు రంగు మారింది. స్నానాలగదిలో వచ్చిన వాసనే మళ్లీ వచ్చింది.

"పట్టుకోండి" అంది కోడలు భర్తతో.

అతను గ్లాసు ముట్టుకుని అబ్బా అని వదిలేశాడు.

"ఆకు ఇలా మరగదు. జుట్టు నల్లగా రావాలని కొన్ని ప్యాకెట్ పొడుల్లో లోహపు ఉప్పు కలుపుతారు. దాని మీద ఈ మందు పడితే ఇలాగే ఉడుకుతుంది. అత్తయ్యా, మీ తలకి పెట్టింది ఏమిటి?"

"ఆకు! వందసార్లు అడిగినా ఆకే!"

కోడలు విసవిసా వెళ్లి గాజు సీసా తెచ్చి, చెంచాడు పొడి బల్ల మీద బోర్లించింది. "దంచిన ఆకయితే ఈనెలుండాలి, పీచుండాలి. ఇది ముఖానికి రాసుకునే పౌడరులా ఉంది."

"మెత్తగా దంచాను. తప్పా?"

"ఎక్కడ దంచారు?" అనేసి కోడలు సగంలో ఆగిపోయింది. వెనక వరండా వైపు చూసింది. ఆ రోలు నిండా మట్టి, మట్టిలో కలబంద మొక్క. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే దానికి నీళ్లు పోస్తున్నది తనే. రోట్లో మొక్క పెరుగుతుంటే సీసాలోకి పొడి ఎక్కణ్ణుంచి వస్తోందని ఒక్కనాడైనా అనుకోలేదు.

"నా మీద నేరం మోపడానికి పొద్దున్నే పంచాయతీ పెట్టావా? చూడరా, చూడు నీ పెళ్లాన్ని!" అని అత్తగారు ఇంకా గొంతు పెంచింది.

"ఇక చాల్లే" అన్నాడు మామగారు పేపరు మడిచి. ఆయన రిటైరైన పోస్ట్‌మాన్. రోజు మొత్తంలో పది మాటలాడితే ఎక్కువ. "ఆ ప్యాకెట్లు తెచ్చింది నేను. రెండేళ్లుగా తెస్తున్నాను. సంచిలో కూరల కింద పెట్టి తేవడం, సీసాలో ఒంపడం, కవరు చింపి పారెయ్యడం. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పకుండా ముప్ఫై అయిదేళ్లు ఉత్తరాలు పంచాను. ఈ పిల్లని అన్యాయంగా తిడుతుంటే మాత్రం చూస్తూ ఊరుకోలేను."

"మీరు కూడా వాళ్లతో చేరిపోయారా!"

"చేరడం కాదు. నీ చెయ్యి చూపించు అమ్మాయికి."

అత్తగారు కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది. ఆయనే మెల్లగా బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. వేళ్ల కణుపులన్నీ ఉబ్బి, చూపుడువేలు పక్కకు వంగి ఉంది. పిడికిలి సగమే మూసుకుంటోంది.

"రోకలి జారిపోతోంది" అంది అత్తగారు. గొంతులో కోపం అలాగే ఉంది, కళ్లలో మాత్రం నీళ్లొచ్చాయి. "ముప్ఫై ఏళ్లు ఎక్స్ఛేంజి బోర్డు మీద తీగలు గుచ్చీ పీకీ అరిగిపోయిన వేళ్లు ఇవి. దంచలేనని చెబితే ఏమవుతుంది? ముందు రోలు పోతుంది, తర్వాత వంటగది పోతుంది. ఆ తర్వాత నువ్వొచ్చి 'మీరు కూర్చోండత్తయ్యా' అంటావు. ఆ కూర్చోండి అన్న మాట నేను వినలేనే!"

కొడుకు తల దించుకున్నాడు. కోడలికి జాలేసింది. అయినా కోపం పోలేదు, పోవాల్సిన అవసరం కూడా లేదు.

"ఆ మాట వినలేక నా చేత మీ తల కాల్పించారా? కళ్లలో పడుంటే ఏమయ్యేది? ఆకు దంచలేనని చెప్పడానికి సిగ్గేసింది. నన్ను చేతకానిదాన్నని ఇంతమందిలో తిట్టడానికి సిగ్గెయ్యలేదా అత్తయ్యా?"

"కాస్త నెమ్మదిగా..." అన్నాడు భర్త.

"మీరాగండి. మీ వంతు ఇంకా రాలేదు."

ఆ ఇంట్లో అత్తగారితో అంత గట్టిగా ఎవరూ, ఎప్పుడూ మాట్లాడలేదు. అత్తగారు బల్ల మీది పొడిని అరచేత్తో ఒకచోటికి తుడిచింది.

"సిగ్గెయ్యాల్సిందే" అంది. "దాన్ని కప్పిపుచ్చడానికే అంత అరిచాను."

కోడలు కుర్చీలో కూలబడింది. "తప్పు మీ ఒక్కరిదే కాదు. పాయ చూడకుండా మందు ముట్టుకోవద్దని అందరికీ చెప్పేదాన్ని నేను. మీరు చిన్నబుచ్చుకుంటారని మానెయ్యలేదు. గది పోతుందని మానేశాను." ఆ మాట బయటికొచ్చాక ఇక ఏడుపు ఆగలేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు ఆ వంకర వేళ్లతోనే ఆమె వీపు నిమిరింది. నిమరడం కూడా సరిగ్గా రాలేదు, అరచెయ్యి అటూ ఇటూ రాసింది అంతే.

"లే. ఈ మొండి జుట్టుతో నన్ను ఎంతసేపు కూర్చోబెడతావు? కత్తిరించు."

"పొట్టిగా అయిపోతుందత్తయ్యా."

"ఆ సూపర్వైజరు మనిషే పొట్టి. నాకు జుట్టు పొట్టయితే వచ్చిన నష్టమేంటి? కానీ."

భర్త గుమ్మం దగ్గర బూటు లేసులు కట్టుకుంటున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. "ఇందాక ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు నేల చూస్తూ. భార్య దువ్వెన వెతుక్కుంటోంది. తల్లే పలికింది.

"నోటి మాటలతో ఏం ఒరుగుతుంది గానీ, సాయంత్రం డ్రిల్లు తీసుకురా. ముందుగదిలో అద్దం తగిలించాలి. ఎక్కడన్నది నీ పెళ్లాన్ని అడుగు."

కత్తెర గంటసేపు ఆడింది. ఉప్పు పట్టిన నల్లటి జుట్టు చాలామటుకు నేల మీద రాలింది. చివరికి మిగిలింది రెండు వేళ్ల ఎత్తు జుట్టు, సగం నలుపు, సగం వెండి. కందిన చోట మందు రాసి కోడలు అద్దం చేతికిచ్చింది. అత్తగారు అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది.

"ఆదివారం ఆ సూపర్వైజరు అడిగితే మా కోడలు కత్తిరించిందంటాను. బాగుందంటే పేరు నీకే, బాగాలేదంటే తిట్లూ నీకే." ఆ మాటతో పాటు ఒక పాత గర్వం తిరిగొచ్చింది. "సరే, మరి రంగెప్పుడు వేస్తావు?"

"మూడు నెలలు ఏ రంగూ లేదు. రోజు విడిచి రోజు గోరువెచ్చటి నీళ్లతో కడగాలి, వేడినీళ్లు వద్దు. కండిషనర్ నేను పెడతాను. తువ్వాలుతో బరబరా రుద్దకూడదు, అద్దుకోవాలి. ఆ సీసా ఇవాళే చెత్తలోకి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత పాయ పరీక్ష. చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు చూడటం."

"ఇంత జరిగాక కూడానా? నేను నిజం చెబుతానన్నా? అంటే నా మాట మీద నమ్మకం లేదా?"

మామగారి పేపరు కదలడం ఆగిపోయింది. కోడలు దువ్వెన పక్కన పెట్టి, అత్తగారి ముందుకొచ్చి, కళ్లలోకి చూసింది.

"లేదత్తయ్యా."

అత్తగారు కన్నార్పకుండా చూసింది. ఆ తర్వాత ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. వంగిన చూపుడువేలితో కుడిచెవిని ముందుకు మడిచి, తల పక్కకు వంచి చూపించింది.

"ఇక్కడేనా చుక్క?"

"అక్కడే" అంది కోడలు.