కాదనకూడని ఆట

మా అక్క కట్టుడు పళ్ళు చేస్తుంది. పనంతా నేలకింది గదిలోనే. దానికి కిటికీ లేదు. గోడ పొడవునా అరలు, అరల నిండా ప్లాస్టర్ చిగుళ్ళు, నోళ్ళు తెరుచుకుని. గులాబీరంగు మైనం, ముక్కు మండించే రెసిన్ జిగురు వాసన. ఆదివారం మధ్యాహ్నాలు ఆ పనిబల్ల తుడిచి ముగ్గురం కథలాట ఆడేవాళ్ళం. అక్క, బావ, నేను. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర, బావ మాత్రం ఆట నడిపే గేమ్ మాస్టర్. మన పాత్ర తలుపు తీయాలన్నా తుమ్మాలన్నా అతని అనుమతి కావాలి. పాచికలు వేయాలి. ఇటుకరాయంత పుస్తకంలో పట్టిక చూడాలి.

నాకు ఒళ్ళు మండేది. ఊహకు కూడా పోలీసా? కల కనడానికి లైసెన్సా? వేలికి ఉమ్మి రాసుకుని బావ ఆ పేజీలు తిప్పుతుంటే మొహం పక్కకు తిప్పుకునేవాణ్ణి.

"రూల్స్ లేకపోతే అది ఆటెలా అవుతుంది బామ్మర్దీ? సంత అవుతుంది," అనేవాడు.

"నీ సింహాసనం కదులుతుందని నీ భయం బావా."

"ఈ కాలు విరిగిన స్టూలేనా సింహాసనం? పట్టుకుపో నాయనా, పుణ్యముంటుంది."

ఆ ఆదివారం నేనో కొత్త పద్ధతి తెచ్చాను. మాస్టర్ ఉండడు. పాచికలుండవు. వంతులవారీగా చెప్పుకుపోవాలి, ఎవరేం చెబితే కథలో అదే నిజం. నియమం ఒక్కటే. ముందువాళ్ళు చెప్పింది కాదనకూడదు. "అవును, ఇంకా..." అంటూ కలుపుకుపోవాలి.

"మరి ఆపేదెవరు?" అన్నాడు బావ.

"ఆపడం పాలకుల భాష."

"అబ్బో! కానీయండి, లేకపోతే వీడు నిరాహారదీక్షకు కూర్చుంటాడు," అని అక్క నవ్వింది.

అంతలో కరెంటు పోయింది. పైన ఎండ కాస్తున్నా ఆ గదిలో పగలూ రాత్రీ ఒకటే. ఇంకా మంచిదే అనుకుని చీకట్లోనే మొదలుపెట్టాం.

"ఒక పాడుబడ్డ ఫ్యాక్టరీ. అందులో ఒక తలుపు," అంది అక్క.

"అవును, ఇంకా ఆ తలుపు వెనక కుళ్ళిన మాంసం వాసన," అన్నాడు బావ.

"అవును, ఇంకా లోపల ఎవరో ఉన్నారు. ఆకలితో," అన్నాను నేను.

మళ్ళీ అక్క వంతు.

వాసన వచ్చింది. రెసిన్ వాసన కాదు. కడగకుండా వదిలేసిన కసాయి మొద్దు వాసన. నా నాలుక మీద జిడ్డుగా పేరుకుంది... మింగితే గొంతులోకి జారింది.

బల్లకు నాలుగోవైపు, ఎవరూ కూర్చోని చోటు నుంచి, చప్పరిస్తున్నట్టు ఒక గొంతు.

"అవును... ఇంకా... నాకు పళ్ళు లేవు."

"బావా... నువ్వేనా?"

"నే... నేను కా..." ఆ మాట అతని గొంతులోనే చచ్చింది.

"ఒరేయ్," అక్క గుసగుసలాడింది. "నా పెదవుల మీద వేళ్ళురా... తడిగా..." ఊపిరి బిగబట్టి తన వంతు చెప్పింది. "అవును... ఇంకా... పళ్ళు నేను చేసిస్తాను. ముందు అచ్చు తీయాలి."

గిన్నెలో పొడి, నీళ్ళు కలిపిన చప్పుడు. ముద్ద నింపిన అచ్చు ట్రేను అక్క చీకట్లోకి చాచింది. ఏదో దాన్ని అందుకుంది. చప్... చప్... చప్. మెత్తటి చిగుళ్ళు నములుతున్న చప్పుడు. చల్లటి చొంగ తీగలా సాగి నా మణికట్టు మీద పడింది.

బావ వంతు. కాదనడం తప్ప అతనికేం తోచలేదు కాబోలు. దగ్గాడు... డోకాడు... వంతు దాటిపోయింది.

"లోపలికొచ్చాయిరా వేళ్ళు... నా పళ్ళు తడుముతున్నాయి..." అంది అక్క.

నా వంతు. ఊరేగింపుల్లో అరిచి అరిచి అరిగిపోయిన నినాదమే నోటికొచ్చింది.

"అవును! ఇంకా... ఉన్నవాళ్ళ దగ్గర లాక్కో! మా అక్క జోలికి..."

'రాకు' అన్న మాట రాలేదు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

చప్పరింపు ఆగింది. తర్వాత...

"అవును," అంది అది. ఇంకేమీ కలపలేదు.

తడికాళ్ళు మెట్లెక్కి వీధివైపు వెళ్ళాయి. మేం కదల్లేకపోయాం. తలుపుకు గడియ వేసుకోవాలని కూడా తోచలేదు. ఎక్కువసేపు పట్టలేదు దానికి. కాళ్ళు దిగివచ్చాయి. ట్రే బల్ల మీద ఠక్కుమంది. ఆ వెంటనే కరెంటు వచ్చింది.

నాలుగోవైపు ఎవరూ లేరు.

ముగ్గురం నోళ్ళు తడుముకున్నాం. పళ్ళన్నీ ఉన్నాయి. బావ అక్క మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "హమ్మయ్య," అన్నాను నేను.

అప్పుడు అక్క ట్రే వైపు చూసింది. గట్టిపడిన ముద్దలో పశువు నోరంత వెడల్పు చిగుళ్ళ అచ్చు. దాని నిండా పళ్ళు గుచ్చి ఉన్నాయి. చిన్న చిన్నవి. అక్క పటకారుతో ఒకటి లాగింది. పంటి మొదలుకు అంటిన నెత్తురు ఇంకా వెచ్చగా ఉంది.

"పాలపళ్ళు," అంది.

"ఎవరివి?"

"అన్నీ ముందుపళ్ళేరా. ఒక్క నోట్లో ఇన్ని ఉండవు."

బావ మెట్లెక్కి వీధి తలుపు బార్లా తీశాడు. వెనకే మేమూ వెళ్ళాం. ఎండ. ఆదివారం. అన్ని ఇళ్ళ తలుపులూ తెరిచే ఉన్నాయి. ముగ్గురం గడపలో నిలబడి చెవులు రిక్కించి విన్నాం.

ఏ ఇంట్లోంచీ ఒక్క పసివాడి ఏడుపూ వినిపించలేదు.