సీసాలో బుడగ నడుమకు రావాలి

"మీ బండిల పండుకునుడు కంటె గోడకానుకొని నిలబడుడు నయం, ప్రభాకర్ గారూ."

పుష్పలత అతనితో సరిగ్గా మాట్లాడిన మొదటి మాట అది. మలేరియా క్యాంపు మొదలైన మర్నాటి పొద్దున, పట్టేసిన తన మెడ నొక్కుకుంటూ మరీ అన్నది.

ఆమె ల్యాబ్ టెక్నీషియన్. చర్ల దాటాక అడవి ఊళ్ళలో జ్వరాలతో పడుకున్నవాళ్ళ వేలి నెత్తురు తీసి పరీక్ష చేయడం ఆమె పని. ప్రభాకర్‌ది కిరాయి సుమో. ఆ వానల్లో వాగులు దాటి రోజూ వెనక్కి రావడం అయ్యే పని కాదు. అందుకని వెనక సీట్లు పీకేసి, చెక్క పరిచి, ఆమెకూ ఆయా పుల్లమ్మకూ అందులోనే పక్క వేశారు. అతను ఎవరింటి అరుగు మీదో మంచం అడిగి నడుం వాల్చేవాడు. మొదటి రాత్రి బండి వాలులో ఆగింది. పుల్లమ్మ నిద్రలో జారుకుంటూ వచ్చి పుష్పలతను తలుపుకు అతికించేసింది.

"తప్పు బండిది కాదు మేడం, నేలది," అన్నాడు ప్రభాకర్.

"నేలను నేను తెచ్చిన్నా?"

ఆ సాయంత్రం ఆమె కాస్త గాలి మిగిలిన సెలైన్ సీసా ఒకటి తెచ్చి బండిలో చెక్క మీద అడ్డంగా పడుకోబెట్టింది. "బుడగ నడుమకు రావాలె. అప్పటిదాంక నేను ఎక్క."

అలా మొదలైంది. పల్లానికి ఉన్న చక్రాల కింద బల్లపరుపు రాళ్ళు పెట్టాలి, బండి మెల్లగా వాటి మీదికి ఎక్కించాలి, దిగి చూడాలి. ఎడమ వైపు సరిపోతే ముందు వైపు లేచేది. అన్నీ కుదిరాక పుల్లమ్మ చుట్టిన బొంత చంకలో పెట్టుకుని వచ్చి, పొద్దు కుంకిన వైపు చూసి పెదవి విరిచేది.

"ఉత్తరం దిక్కు తల పెట్టి నేను పండుకోను బిడ్డా."

మళ్ళీ బండి తిప్పు. మళ్ళీ రాళ్ళు.

పగలంతా బురదలో బండి తోసి తోసి ప్రభాకర్ భుజాలు పడిపోయేవి. సూక్ష్మదర్శినిలోకి చూసి చూసి పుష్పలత కళ్ళు ఎర్రబడేవి. అయినా సాయంత్రం ఆ తతంగం తప్పేది కాదు. "ఇంకొంచెం లేపున్రి," అని ఆమె, "లేపితే ఆకాశంల పండుకుంటరు మేడం," అని అతను.

క్యాంపు ఇంకొక్క రోజులో అయిపోతుందనగా, మందుల కోసం చర్లకు వచ్చినప్పుడు ఎస్టీడీ బూత్ దగ్గర బండి ఆపాడు. ఆమె జూలూరుపాడులో ఉన్న నాన్నకు ఫోన్ చేసింది. అద్దం తలుపు సందులోంచి మాట వినిపించింది.

"ఆదివారం నన్ను చూడనీకి పిల్లగానోళ్ళు వస్తున్నరా? సరే నాన్నా."

ఆ 'సరే' ప్రభాకర్ గుండెలో ముల్లులా దిగబడింది. అడగాలంటే ఈ రోజే అడగాలి. అడగడానికి నోరు లేదు, ఒంట్లో ఓపికా లేదు. ఆ సాయంత్రం అడవి ఊరికి తిరిగొచ్చి, ఊరి చివర బండి ఎక్కడ ఆగితే అక్కడే ఆపేశాడు. రాళ్ళ జోలికి పోలేదు. చక్రం పక్కనే చతికిలబడ్డాడు.

పుష్పలత సీసా పెట్టి చూసింది. కాసేపు అలాగే చూసింది.

"సరిపోయింది," అన్నది నీరసంగా.

అతను లేచి కిటికీలోంచి చూశాడు. బుడగ పోయి ఒక మూలకు నక్కి ఉంది.

"ఇది సరిపోయిందా? నడుమ ఉన్న రోజు గూడ వంక పెడ్తివి కదా."

ఆమె చప్పున తల తిప్పింది. "నడుమ ఉన్నట్టు మీకెట్ల తెలుసు?"

"నా ముందటి అద్దంలకెళ్ళి కనపడ్తది గద."

"తెలిసి మళ్ళ రాళ్ళెందుకు తీసిండ్రు?"

"నువ్వెందుకు తియ్యమన్నవ్?"

చినుకులు మొదలయ్యాయి. ఆ రాళ్ళన్నీ తను ఊరికే మోయలేదని, ఆమె ఊరికే మోయించలేదని తెలిసి ప్రభాకర్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"మేడం అనుడు ఎటు పోయింది?" అన్నది ఆమె కింద చూస్తూ.

"ఫోన్ల సరే అన్నప్పుడే పోయింది."

"మరేమనాలె? వద్దనాలంటె ఎందుకని అడుగుతడు నాన్న. చెప్పనీకి నాకొక్క మాటన్న ఇచ్చిండ్రా మీరు?"

అతను ముఖం మీది వాన తుడుచుకున్నాడు. "నువ్వంటె నాకు పానం పుష్పా. మా అమ్మను తోల్కొని ఆదివారం నేనొస్త. ఇగో, గిదే మాట."

"పొద్దుగాలే రావాలె. వాళ్ళకంటె ముందు."

"అవ్."

"శనివారం ఫోన్ చేసి నాన్నకు నేను చెప్త." ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, కానీ నవ్వుతోంది.

పుల్లమ్మ బొంత నెత్తిన కప్పుకుని వచ్చింది. ఇద్దరినీ చూసింది, పడమటి వైపు చూసింది.

"తల ఉత్తరమే అయితది," అన్నది. "మీ పంచాది తేలితే బండి తిప్పున్రి. ఇన్ని దినాలు మీ ముచ్చట్లకు నా నడుం పోయింది. లగ్గమయినంక ఇంట్ల మంచమన్న ఒక్కసారికే సక్కగ ఎయ్యున్రి."

ప్రభాకర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. రాళ్ళు ఈసారి పుష్పలత తెచ్చింది. బండి తిరిగి, ఎక్కి, ఆగింది. ఆమె వెనక తలుపు తీసి సీసాలోకి చూసింది. బుడగ సరిగ్గా నడుమ నిలబడి ఉంది.

"వచ్చిందా?" అని అరిచాడు అతను.

"రాలే," అన్నది పుష్పలత. "ఇంకొంచెం ముందుకు పోనియ్."

పుల్లమ్మ బొంత పరుచుకుని పక్కింటి అరుగు మీదే పడుకుంది.