చెత్తబుట్టలో కోర

"పిన్నీ, టేబుల్ ఎంత నీట్‌గా సర్దానో చూడు!"

గడబిడ గర్వంగా చేతులు దులుపుకుంది. ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది పిన్నే. చెప్పిన పని కన్నా చెప్పని పని ముందు చేసే రకం మరి!

పిన్ని మ్యూజియంలో పని చేస్తుంది. రాళ్లలో ఇరుక్కున్న పాతకాలపు ఎముకల్ని సన్నని సూదితో, బ్రష్‌తో బయటికి తీస్తుంది. ఇప్పుడు టేబుల్ మీదున్నది ఒక దవడ. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో వేటాడిన జంతువుది. రూపం బల్లిది, పొడవు బస్సుది! దాని కోరల అంచులు రంపంలా ఉండేవట. అలాంటిది ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

టీ తాగి వచ్చిన పిన్ని టేబులంతా వెతికింది. "ఇక్కడ కాగితంలో కాస్త మట్టి ఉండాలే?"

"చెత్తబుట్టలో పడేశాను. ఉత్త మట్టేగా!"

పిన్ని ముఖం పాలిపోయింది. "విరిగిన కోర మొన అందులోనే ఉందే! మిగతా కోరలన్నీ అరిగిపోయాయి. ఆ అంచు చూపిస్తేనే ఇది కొత్త జంతువని రేపు చూడ్డానికి వచ్చే శాస్త్రవేత్తలు నమ్మేది."

పొద్దున తమ్ముడు తన పజిల్ ముక్క పోగొట్టాడని గడబిడ ఇల్లు పీకి పందిరేసింది. ఇప్పుడు తన వంతు వచ్చింది. తిట్ల కోసం కళ్లు గట్టిగా మూసుకుంది.

తిట్లు రాలేదు. చెత్తబుట్ట బోర్లించిన చప్పుడు వచ్చింది.

"నేనైనా చెప్పి వెళ్లాల్సింది. రా, ఇద్దరం వెతుకుదాం," అంది పిన్ని, జల్లెడ అందిస్తూ.

జల్లించారు. పెన్సిల్ పొట్టు వచ్చింది. తడిసిన టీ పొడి వచ్చింది. కోర మాత్రం రాలేదు.

"చచ్చి కోట్ల ఏళ్లయినా మనకి చుక్కలు చూపిస్తోంది చూడు!" అంది పిన్ని. ఏడుపు మొహంతోనే గడబిడ నవ్వేసింది.

అప్పుడు వేళ్లకి ఏదో గరుగ్గా తగిలింది. బియ్యపు గింజంత నల్లటి ముక్క.

"పిన్నీ!"

పిన్ని భూతద్దం పెట్టి చూసింది. "ఇదే! నీ కడుపు చల్లగుండ! థాంక్స్‌ రా."

"నేనే చెప్పాలి పిన్నీ, థాంక్స్."

"దేనికి?"

"తిట్టనందుకు."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తమ్ముడు తలుపు వెనక నక్కి ఉన్నాడు. అక్కని చూడగానే ఇంకాస్త లోపలికి జరిగాడు.

గడబిడ బ్యాగ్ పక్కన పెట్టి, మంచం కిందికి వంగింది.

"రారా, ఇద్దరం వెతుకుదాం."

తమ్ముడు ఒక్క ఉదుటున వచ్చి, అక్క పక్కన బోర్లా పడుకున్నాడు.