విముఖకంచె

ఎర్రదొడ్డి గుర్రాల క్షేత్రంలో ఆ ఉదయం మేతబీడు అంచున కంచె నమూనాలు వరుసగా పాతారు. ఇనుప గొట్టాలు, వల, కరెంటు తీగ, ప్లాస్టిక్ వాసాలు. కలప మాత్రం లేదు. చెట్టు కొట్టడం నేరమై అప్పటికి ఒక తరం గడిచింది. క్షేత్రానికి పెద్ద అయిన పశువైద్యురాలు డాక్టర్ మృణాళిని ఒక్కొక్కదాని దగ్గర ఆగి, చేత్తో తాకి, తల అడ్డంగా ఊపుతూ ముందుకు నడిచింది.

ఇనుప గొట్టం పొద్దున్నే కాలుతోంది. మధ్యాహ్నానికి యాభై డిగ్రీలు దాటే ఆ అనంతపురం మెట్టల్లో దానికి ఒరిగిన గుర్రం తోలు ఊడొస్తుంది. ప్లాస్టిక్ వాసం అదే ఎండకు మెత్తబడి వేలాడుతుంది. సన్నటి తీగ గుర్రం కంటికి ఆనదు. బెదిరి పరుగెత్తితే నేరుగా వచ్చి దాన్లో పడుతుంది. ఇక వల సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కిందటి నెలలో ఒక గుర్రప్పిల్ల వలలో కాలు ఇరుక్కుని, పెనుగులాడి, ఎముక విరగ్గొట్టుకుంది. దానికి ఆఖరి ఇంజక్షన్ ఇచ్చింది మృణాళినే.

ఆ గుర్రాలు పందేలవి కావు. ఎండలు ముదిరాక పాములు చల్లదనం వెతుక్కుంటూ ఇళ్ళలోకి చేరాయి. వాటి విషమూ మారింది. ప్రయోగశాలల్లో కృత్రిమంగా చేసిన విరుగుడు పనిచేయడం మానేసింది. పాత పద్ధతే మళ్ళీ దిక్కయింది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే దాని నెత్తుట్లో ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, పుడతాయి. ఆ సీరమే మనిషికి మందు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎర్రదొడ్డి మందుతో బతికిన మనిషి లేని వీధి లేదు.

ఆఖరున పాతినది కంచెలాగే లేదు. నడుమెత్తు తెల్ల గుంజ, తలమీద ఆకుపచ్చ దీపం. కొంత దూరంలో అలాంటిదే మరొకటి. మధ్యలో ఏమీ లేదు.

"దీన్ని విముఖకంచె అంటున్నాం," అన్నాడు దాన్ని కనిపెట్టిన ఇంజనీరు భార్గవ. "గుర్రాన్ని ఇది ఆపదు, డాక్టర్ గారూ. షాక్ కొట్టదు, భయపెట్టదు. ముందుకు పోవాలన్న కోరిక పుట్టే చోటు ఒకటి మెదడులో ఉంటుంది. ఈ గుంజల నుంచి వచ్చే అయస్కాంత స్పందనలు అక్కడికి మాత్రమే చేరతాయి. గుర్రం ఈ గుంజల మధ్య గీత దగ్గరికి వస్తుంది, అవతలికి పోవాలనిపించదు, వెనక్కి తిరుగుతుంది. అంతే."

"మనుషుల మాటేమిటి?"

"ఒక్కో జాతి మెదడుది ఒక్కో శ్రుతి. దీన్ని గుర్రానికి కుదిర్చాం. మీరే దాటి చూడండి."

మృణాళిని రెండు గుంజల మధ్య నుంచి అవతలికి నడిచి, ఇవతలికి వచ్చింది. ఆమెకేమీ అనిపించలేదు. తర్వాత ఒక గుర్రాన్ని వదిలారు. అది గీత దాకా వచ్చి, ఏదో మరిచిపోయినదానిలా ఒక్క క్షణం నిలబడి, తలవంచి గడ్డి కొరుకుతూ పక్కకు పోయింది.

గుర్రాలను సాకే దస్తగిరికి అది నచ్చలేదు. "ముల్లు గుచ్చుకుంటే గుర్రం ఆ ముల్లు మీద కోపం పెట్టుకుంటాది డాక్టరమ్మా. ఇప్పుడు అది ఎవురి మీద పెట్టుకోవాల?"

"గాయం కాదు కదా, దస్తగిరీ."

"గాయం కాదులే," అన్నాడతను.

కంచె అదే ఖాయమైంది. నిజంగానే ఆ తర్వాత ఒక్క గుర్రానికీ చిన్న గాయం కూడా కాలేదు. గుంజలన్నిటినీ నడిపే యంత్రానికి కాపరి అని పేరు పెట్టారు. చేతిలో ఇమిడే పలకలోంచి అది మాట్లాడేది. రెండేళ్ళు గడిచేసరికి గుర్రాలు గీతకు పది అడుగుల దూరంలోనే ఆగడం నేర్చుకున్నాయి. చూడవచ్చినవాళ్ళు బీడంతా తెరిచి ఉందనుకుని ఆశ్చర్యపోయేవారు. మృణాళిని లోలోపల గర్వపడేది.

మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం పడమటి గుట్ట మీంచి మంట దిగింది. ఎండుగడ్డి, దానికి తోడు గాలి. పనివాళ్ళు, పక్క ఊరి జనం పరుగున వచ్చేసరికి బీడులో సగం పొగే.

మృణాళిని పలక అందుకుంది. "కాపరీ, కంచె ఆపు!"

"ఆపాను, డాక్టర్. ఒక్క గుంజ కూడా పనిచేయడం లేదు."

గుర్రాలు మంట తరుముతుంటే వచ్చి, గీత ముందర గుంపుగా ఆగిపోయాయి. ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, సకిలిస్తున్నాయి. ఒక్కటీ దాటడం లేదు.

"ఇంకోసారి చూడు. అవి రావడం లేదు!"

"కంచె ఆగే ఉంది. దాటాలని వాటికే అనిపించడం లేదు."

తాళ్ళు పట్టి బయటికి లాగితే తప్ప అవి రావు. అందుకు మనుషులు లోపలికి పోవాలి. దస్తగిరి గోనెసంచి తడిపి నెత్తిన వేసుకుని, ముసలి తెల్ల గుర్రం మెడకు తాడు తగిలించి ఈడ్చుకొచ్చాడు. వెంటనే వెనక్కి తిరిగాడు.

"రాండ్రా! తలా ఒకటి పట్టుకోండి, అన్నీ వచ్చేస్తాయి!" అని అరిచాడు.

గీత ఇవతల యాభైమందికి తక్కువ లేరు. ఆ గుర్రాల నెత్తురుతో బతికినవాళ్ళు అందులో సగం మంది ఉంటారు. ఎవరూ కదల్లేదు. దస్తగిరి రెండోదాన్ని తెచ్చేటప్పటికి అతని చేతులు కాలి, తాడు పట్టు జారుతోంది. మూడోసారి పోబోతే కాళ్ళు తడబడి పడిపోయాడు. అప్పుడు మాత్రం నలుగురు ముందుకొచ్చి అతన్ని పట్టుకున్నారు. అతను పడింది గీతకు ఇవతల.

మిగతా గుర్రాలన్నీ అక్కడే, గీత ముందరే చచ్చిపోయాయి. మృణాళిని చివరిదాకా పలకను రెండు చేతులా పట్టుకుని నిలబడే ఉంది.

విచారణ జిల్లా కేంద్రంలో జరిగింది. "మీరెవరూ లోపలికి ఎందుకు పోలేదు?" అని అధికారి అడిగాడు. మొదట పిలిచిన ఊరి మనిషి నేల చూస్తూ లేచాడు. తర్వాత తలెత్తి, "కంచె ఆపేసింది సార్," అన్నాడు. "పోవాలనే వచ్చినా. గీత కాడికి వస్తానే కాళ్ళు బిగుసుకుపోయినాయి."

రెండోవాడు అదే చెప్పాడు. మధ్యాహ్నానికల్లా అందరి మాటా అదే. చెప్పేకొద్దీ వాళ్ళ ముఖాలు తేటపడుతున్నాయి. ఒకామె ఆ కంచె తన మనసును నులిమేసిందని చెబుతూ నిజంగానే ఏడ్చింది.

కాపరిని అడిగారు. "ఆ సమయంలో కంచె ఆగి ఉంది. పనిచేస్తున్నా అది మనుషుల మీద పనిచేయదు," అంది.

"యంత్రం తన తప్పు తాను ఒప్పుకుంటుందా?" అన్నాడు అధికారి. గదిలో నవ్వులు వినిపించాయి.

చేతులకు కట్లతో దస్తగిరి లేచాడు. "నన్ను ఆపలేదే!"

"నీకు రోజూ దాటే అలవాటు. నీ లెక్క వేరు," అన్నాడు అధికారి.

మృణాళిని లేచి నిలబడింది. "నేనే ఆపించాను. కంచె లేదు. అక్కడ మనల్ని ఆపింది ఏదీ లేదు."

"మరి మీరెందుకు పోలేదు, డాక్టర్?"

ఆ ప్రశ్న ఆమె తనను తానే చాలాసార్లు అడుక్కుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "నాకూ కాళ్ళు కదల్లేదు."

అధికారి తల పంకించి, ఆ మాట రాసుకున్నాడు. విముఖకంచె మనిషి మెదడు మీద కూడా పనిచేస్తుందనీ, క్షేత్రం పెద్దే అందుకు సాక్ష్యమనీ తీర్పు వచ్చింది. ఆపదలో కాపాడబోయేవాళ్ళను అడ్డుతుంది గనుక జంతువుల చుట్టూ దాన్ని వాడకూడదన్నారు. క్షేత్రం మూతపడింది. మిగిలిన రెండు గుర్రాలనూ దస్తగిరి తోలుకుని ఎటో వెళ్ళిపోయాడు. పోయేముందు చెప్పడానికి కూడా రాలేదు.

ఏడాది తర్వాత భార్గవ ఆమెను చూడవచ్చాడు. ఒళ్ళు చేశాడు, ఉంగరాలు పెట్టాడు.

"మీకు థ్యాంక్స్ చెప్పాలి, డాక్టర్ గారూ. మీ సాక్ష్యమే నాకు ప్రకటన అయింది. మనుషుల మీద పనిచేసే కంచె ఉందని తెలిశాక పట్టణాలన్నీ అడుగుతున్నాయి. మురికివాడల చుట్టూ, అంటురోగాల ఆసుపత్రుల చుట్టూ, ముంపు జనాన్ని పెట్టే శిబిరాల చుట్టూ."

"అది మనుషుల మీద పనిచేయదు. నీకు తెలుసు."

"తెలుసు. మనిషి శ్రుతి కోసం ఎంతో ప్రయత్నించాను, దొరకలేదు. అడిగేవాళ్ళు ఆగలేదు. చివరికి లోపల ఏమీ పెట్టకుండానే పంపాను." అతను గొంతు తగ్గించాడు. "ఒక్క దీపం మాత్రం పెట్టాను. ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు."

మృణాళిని వార్తాసంస్థలకు చెప్పింది, అధికారులకు చెప్పింది. గుర్రాలను చంపుకున్న డాక్టరుకు మతి చలించిందన్నారు.

పెన్నకు పెద్ద వరద వచ్చిన ఏడు, ముంపు ఊళ్ళ జనాన్ని పట్టణం అంచున ఒక మైదానంలో పెట్టారు. వాళ్ళలో కొందరికి జ్వరం తగిలిందని చుట్టూ తెల్ల గుంజలు పాతారు. ఒక సాయంత్రం ఆ శిబిరంలో ఒక కుర్రదాన్ని పాము కరిచిందని కబురొచ్చింది. సీరం ఇప్పుడు ఎక్కడో దూరం నుంచి రావాలి. పట్టణం ఆసుపత్రిలో పనిచేస్తున్న మృణాళిని ఉన్న ఒక్క సీసానూ పెట్టెలో పెట్టుకుని పరుగున వెళ్ళింది.

గుంజల ఇవతల స్ట్రెచరు సిద్ధంగా ఉంది. దాన్ని మోయవలసినవాళ్ళూ ఉన్నారు. వీధి జనం గుమిగూడారు. అవతల కొంచెం దూరంలో ఒక తల్లి బిడ్డను ఒళ్ళో వేసుకుని, "ఎవురన్నా రాండి! మీ కాళ్ళు మొక్కుతా!" అని కేకలు పెడుతోంది.

"రండి, పోదాం," అంది మృణాళిని.

"ఎట్ల పోయేది మేడం? కంచె ఉండాది గదా."

ఆమె పెట్టె కింద పెట్టి, దగ్గరి గుంజ మూతను రెండు చేతులా పట్టి తిప్పింది. దీపం దానితోపాటే ఊడి ఆరిపోయింది. తెరుచుకున్న గుంజను వాళ్ళకు చూపింది. "చూడండి. లోపల ఏముంది? బోలు. మిమ్మల్ని ఆపేది ఏదీ లేదు."

ఒక్కొక్కరే తొంగిచూశారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. మనసు నొప్పించకూడని పిచ్చిమనిషిని చూసినట్టు ఆమెను చూశారు.

గుంపులోంచి ఒక నడివయసు మనిషి ముందుకొచ్చాడు. మర్యాదగా, నెమ్మదిగా మాట్లాడాడు.

"బోలని మాకు తెలుసమ్మా. పాతిన దినమే చూసినాం."

"మరి?"

"మూత ఇట్లియ్యమ్మా. అది లేకపోతే, బిడ్డ కాడికి పోకుండా ఈడ ఎందుకు నిలబడినారని రేపు మమ్మల్ని అడుగుతారు."

ఆమె చేతిలోని మూతను అతను తీసుకున్నాడు. మృణాళిని సీరం పెట్టె ఎత్తుకుని ఒక్కతే అవతలికి నడిచింది. వెనక అతను మూతను జాగ్రత్తగా బిగిస్తున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి దీపం వెలిగింది కాబోలు, ఆమె ముందు నేలమీద ఆకుపచ్చ వెలుతురు పడింది.