వేళ్లతో రెండు చుట్లు

"పెద్దదే తీసుకోండి మేడం. లారీ నట్లు కూడా ఊడొస్తాయి," అంటూ పనిముట్ల షాపు సేల్స్‌మన్ కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్‌ని కౌంటర్ మీద దర్జాగా నిలబెట్టాడు.

"మా షెడ్‌కి లారీలు రావు," అంది ఆ అమ్మాయి. కార్ల మెకానిక్ కూతురు, తనూ మెకానిక్కే. రెంచ్‌ని తిరిగి అతని చేతికే ఇచ్చింది. "తల మీదికెత్తి పట్టుకోండి. మూడు నిమిషాలు."

"నేనా?"

"లిఫ్ట్‌తో పైకెత్తిన కారు కింద నిలబడి మా నాన్న అలాగే పట్టుకోవాలి. ఆయనకి భుజం నొప్పి. ఇప్పటికే రెండు తిప్పి పంపారు. ఇదీ కుదరకపోతే షెడ్ మూసేస్తానంటున్నారు."

నిమిషానికే అతని మోచెయ్యి వంగింది. పరువు కోసం పళ్లు బిగబట్టాడు గానీ, రెండో నిమిషంలో రెంచ్ కిందికి దిగిపోయింది. ఆమె నవ్వాపుకోవడానికి సీలింగ్ ఫ్యాన్ వంక చూసింది.

పోయిన పరువు దక్కించుకుందామని చిన్న రెంచ్ తీశాడు. సాకెట్లో నట్టు పెట్టి, డెమో బోల్టు మీద నేరుగా నొక్కాడు. నట్టు థ్రెడ్ తప్పి అడ్డంగా బిగుసుకుపోయింది.

"అయ్యో! ముందు వేళ్లతో రెండు చుట్లు తిప్పాలండీ. సరిగ్గా ఎక్కిందో లేదో వేళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాతే మెషిన్. ఆఖరి బిగింపు మళ్లీ చేత్తో, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో."

"ఎవరు నేర్పారు?"

"మా నాన్న," అంది తలెత్తి.

ఏడేళ్లుగా ఇవే అమ్ముతున్నాడు. ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. సిగ్గేసింది. అంత సిగ్గులోనూ ఆమె తెగ నచ్చేసింది.

"చిన్నది రేపు నేనే తెస్తాను. ఆయన వాడి చూశాకే బిల్లు."

"మా నాన్న మనుషుల్ని కూడా తిప్పి పంపేస్తారు."

"అయితే రోజూ వస్తాను."

మర్నాడు వాన. రేకుల షెడ్‌లో మాట మాటకీ అరవాల్సి వచ్చింది. ఆమె తండ్రి, ఆ పెద్దాయన, కారు కింద నిలబడి అతను తెచ్చిన చిన్న రెంచ్‌తో తుప్పు పట్టిన నట్లు నాలుగు ఊడదీశాడు. భుజం పట్టుకోలేదు, మొహం చిట్లించలేదు. బాగుందని మాత్రం అనలేదు.

"బిగించు చూద్దాం," అని రెంచ్ అతనికిచ్చాడు.

అతను దాన్ని పక్కన పెట్టాడు. ఒక్కో నట్టునీ వేళ్లతో రెండు చుట్లు తిప్పాడు. తర్వాత మెషిన్‌తో పైపైన బిగించి, టార్క్ రెంచ్ అడిగాడు.

పెద్దాయన కళ్లు చిన్నవయ్యాయి. "షాపుల్లో ఇది నేర్పరే! ఎవరు నేర్పారు బాబూ?"

"మీ అమ్మాయండీ."

పెద్దాయన శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్లీ గుడ్డతో తుడుచుకున్నాడు. "విన్నావా? నా కూతురు నేర్పిందట!" అని ఖాళీగా ఉన్న కారుతో చెప్పుకున్నాడు. "షెడ్ మూయనులే అమ్మాయ్. ఇది ఉండనీ."

"నచ్చేసిందిగా. ఇక మీరు రోజూ రానక్కర్లేదేమో?" అందామె అతనితో మెల్లగా.

"నాకు మీరు నచ్చారు. వస్తాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మూడు నిమిషాలు పట్టుకోలేనివాళ్లు మాకెందుకు?"

అతను వెంటనే చిన్న రెంచ్‌ని తల మీదికెత్తాడు. మూడు నిమిషాలు దాటాయి. ఆమె చాలనలేదు, అతను దించలేదు.

ఐదో నిమిషంలో పెద్దాయనే కలగజేసుకున్నాడు. "ఇక దించవయ్యా, పాసయ్యావు. చేతులు కడుక్కుని భోజనానికి రా."