గంట అంచు మీద గీతలు

కంచుకోన రాజ్యానికి తూర్పున ఒక పెద్ద సరస్సు ఉండేది. మంచు రాకాసి దానిమీద తెల్లటి పొగ కప్పింది. కొండమీది కంచుగంట మోగినంతకాలం పడవవాళ్లు ఆ మోతను పట్టుకుని ఒడ్డు చేరేవారు. మూడేళ్ల కిందట పిడుగు పడి గంట పగిలింది. ఆనాడు నీళ్ల మీదున్న నలభై పడవలు మరి తిరిగి రాలేదు. వాటిలో ఒకదానికి తెడ్డు వేసేది పైడి వాళ్లమ్మ.

పైడికి పద్నాలుగేళ్లు. ఆస్థాన కంచరి గవరయ్య కూతురు. రోజూ పొద్దువాలేవేళ ఒడ్డుకు వెళ్లి నిలబడేది. పొగలోంచి అమ్మ తెడ్డుపాట సన్నగా వినిపించేది. రెండో చరణం దాకా వచ్చి ఆగిపోయేది. గవరయ్య మాత్రం ఏనాడూ ఒడ్డుకు రాలేదు, భార్య పేరెత్తలేదు. అయ్య అమ్మను మరిచిపోయాడని పైడి అనుకునేది.

కొత్త గంట పోయాలని గవరయ్య అప్పుడే ప్రయత్నించాడు. కొలిమి రగిలించడానికి జ్వాలకేసరి అనే నిప్పుసింహం, తిత్తులు ఊదడానికి మందరుడనే భూతం, అచ్చు కట్టడానికి సూక్ష్మ అనే యక్షిణి వచ్చారు. కంచరుల ఆచారం ప్రకారం మేస్త్రి రాయి మీద నిలబడి అందరికీ కలిపి ఒకే కేక వేస్తాడు. గవరయ్య కేక వేశాడు. సింహం ఒక్కసారిగా మంట ఎగదోసింది, భూతం బెదిరి తిత్తి వదిలేసింది, యక్షిణి ఇంకా అచ్చు చూసుకుంటూనే ఉంది. కరిగిన కంచు ధార మధ్యలో తెగింది. గంట బీటలు వారింది. గవరయ్య ముగ్గురినీ తిట్టాడు. ముగ్గురూ అడవిలోకి వెళ్లిపోయారు.

ఇక ఇప్పుడు తొమ్మిది రోజులే గడువు. కార్తీక పౌర్ణమి సాయంత్రానికి గంట మోగకపోతే పొగ రాయిగా గట్టిపడుతుందని, లోపలి పడవలు ఇక ఎప్పటికీ రావని రాజపురోహితుడు చెప్పాడు.

"వాళ్లను తీసుకొస్తా అయ్యా," అంది పైడి.

"రారు," అన్నాడు గవరయ్య, గంట అచ్చు కోసం పిసుకుతున్న మైనం ముద్ద నుంచి తల ఎత్తకుండా.

పైడి రొట్టెలు మూట కట్టుకుని బయలుదేరింది.

మొదటి కొండ మీద కాగుతున్న బండపై జ్వాలకేసరి పడుకుని ఉంది. పైడి ఏడుస్తూ మొదలుపెట్టింది: అమ్మ, పాట, రెండో చరణం. సింహం ఆవులించి పక్క బండ మీదికి దూకింది. పైడి వెంటపడి మళ్లీ మొదటినుంచీ చెప్పబోయింది.

"పాట సంగతి విన్నాను పిల్లా. నన్నేం చెయ్యమంటావు?"

"పౌర్ణమి ఉదయం కొలిమి రగిలించాలి."

"ఆ ముక్క ముందే చెప్తే ఈపాటికి సగం దూరం వెళ్లేవాణ్ణి."

మాట పొట్టిగా ఉండాలన్నమాట, అనుకుంది పైడి. రెండో కొండ గుహ దగ్గర అలాగే మాట్లాడింది.

"మందరా, పౌర్ణమి ఉదయం తిత్తి ఊదాలి. లే."

తాటిచెట్టంత భూతం ముడుచుకుపోయి గుహకు బండ అడ్డం పెట్టుకుంది. లోపలినుంచి వెక్కిళ్లు వినిపించాయి. సింహం తోక నేలకేసి కొట్టింది. పైడి దాన్ని ఆగమని సైగ చేసి, బండ పక్కనే కూర్చుని, రొట్టె విరిచి సగం సందులోంచి లోపలికి తోసింది.

"మూడేళ్లయింది చూసి. ఎలా ఉన్నావు?"

చాలాసేపటికి బండ కదిలింది. "ఆ మాట ఎవరూ అడగలేదు తల్లీ," అన్నాడు మందరుడు. ఆ తరువాత అమ్మ గురించి అతనే అడిగాడు. సింహం విసుక్కున్న పాట కథంతా అతను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మూడో కొండ జలపాతం దగ్గర సూక్ష్మ ఇసుక రేణువులు లెక్కపెడుతోంది. పైడి రొట్టె చేతికిచ్చి, "ఎలా ఉన్నావమ్మా?" అంది.

"నిన్నటిలాగే ఉన్నాను. గంటలో రాగి ఎన్ని పాళ్లు, తగరం ఎన్ని పాళ్లు?"

ఊహించి చెబుదామా అనుకుంది పైడి. అబద్ధం చెబితే దొరికిపోతుంది.

"తెలియదు. మా అయ్యకు తెలుసు. నువ్వు అడగవలసినవన్నీ అడుగు, ఒక్కటీ మరిచిపోకుండా అడిగి చెప్తా."

యక్షిణి ముఖం మొదటిసారి వికసించింది. ముప్ఫై ఆరు ప్రశ్నలు వేసింది. దానికి రెండు రోజులు పట్టింది. సింహం ఆ రెండు రోజులూ పళ్లు నూరుతూనే ఉంది.

నలుగురూ ఇంటికి చేరేసరికి ఒక్క రోజే మిగిలింది. అయ్యను ముప్ఫై ఆరు ప్రశ్నలు ఎలా అడగడం? ఒక్కదానికే కసురుకునే మనిషి. పైడి మాట్లాడకుండా పక్కన కూర్చుని మైనం పిసకసాగింది. కాసేపటికి, "రాగి ఎన్ని పాళ్లయ్యా?" అంది.

"ఎనిమిది. తగరం రెండు."

చేతులు కదులుతుంటే గవరయ్యకు మాటలు వచ్చాయి. అన్నిటికీ జవాబు చెప్పాడు. చివరికి పైడి తన సొంత ప్రశ్న ఒకటి అడిగింది.

"అంచు మీద ఈ గీతలు దేనికి?"

గవరయ్య చేయి ఆగింది. "మీ అమ్మ తెడ్డు పిడి మీద చెక్కుకుందే, ఆ గీతలు. ఈ మూడేళ్లలో చేసిన ప్రతి అచ్చు మీదా పెట్టా."

అయ్య మరిచిపోలేదు. తనకు వచ్చిన భాషలో రోజూ తలుచుకుంటూనే ఉన్నాడు.

"రేపు మేస్త్రి రాయి నాకివ్వవా అయ్యా?"

గవరయ్య తలూపాడు.

పౌర్ణమి ఉదయం పైడి రాయి ఎక్కనేలేదు. యక్షిణికి తెల్లవారుజామునే ముప్ఫై ఆరు జవాబులూ చెప్పి, అచ్చు అప్పగించి, "నువ్వు సరే అన్నాకే మొదలు," అంది. సింహంతో, "చెయ్యెత్తితే మంట, దించితే ఆపు," అంది. మందరుడి పాదం మీద చేయి వేసి అతని పక్కనే నిలబడింది. కంచు కరిగే మూసను పట్టే పట్టుకారు తండ్రి చేతికిచ్చింది.

సూక్ష్మ తలూపింది. పైడి చేయి ఎత్తింది. కంచు ధార కట్టింది. అది చూసి మంచు రాకాసి సరస్సు మీదినుంచి చలిగాలి విసిరింది. మందరుడు వణికాడు.

"నేనిక్కడే ఉన్నా. ఊదు," అంది పైడి నెమ్మదిగా.

తిత్తి ఆగలేదు. ధార తెగలేదు.

పొద్దువాలే వేళకు గంట కొండ ఎక్కింది. మోగింది. పొగ చిరిగింది. రెండో చరణం వినిపించింది, ఆ వెనకే మూడేళ్లుగా రాని మూడో చరణం. ఒకదాని వెంట ఒకటి నలభై పడవలూ ఒడ్డుకు తగిలాయి. రాజుగారు అక్కడికక్కడే పైడిని ఆస్థాన కంచరిగా ప్రకటించారు. ఆమె ఆ మాట విననే లేదు.

అమ్మ పడవ దిగి కూతుర్ని తల నుంచి కాళ్ల దాకా చూసింది. "ఎంత పొడుగయ్యావే."

కొంచెం దూరంలో గవరయ్య మసి చేతులు పంచెకు తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

"ఏమయ్యా, ఒక్క మాటైనా లేదా?" అంది ఆమె.

"అయ్యను మాటలు అడక్కమ్మా," అంటూ పైడి ఆమె చేయి పట్టుకుని కొండ ఎక్కించింది. "గంట అంచు తడిమి చూడు."

ఆమె వేళ్లు అంచు వెంట నడిచాయి. ఒక చోట ఆగాయి. తెడ్డు పిడి పట్టుకున్నట్టే ఆ గీతలను గట్టిగా పట్టుకుని, ఆమె చాలాసేపు వదల్లేదు.