గోతికి కాపలా

సమాత్‌ కోసం గొయ్యి తవ్వింది అతనితో చదువుకున్నవాళ్లే. నరీన్ కొండల్లో జనవరి నేల అంత తేలిగ్గా లొంగదు. ముందురోజు పాత టైర్లు కాల్చి గడ్డకట్టిన నేలను మెత్తబరిచి, పొద్దుటినుంచీ గునపాలతో పొడిచారు. మధ్యాహ్నానికి నిలువెత్తు గొయ్యి, దాని పక్కగోడలో శవాన్ని పడుకోబెట్టే గూడు తయారయ్యాయి. గూటిని మూసే పచ్చి ఇటుకలు పక్కనే పేర్చి పెట్టారు.

"తవ్విన గొయ్యి ఒంటరిగా వదలకూడదు. ఇద్దరు కాపలా ఉండండి. శవం రాకముందు గూటికి ఒక్క ఇటుక పెట్టినా ఊరుకోను," అని ముసలి ఇమాం హెచ్చరించి, మిగతావాళ్లను వెంటబెట్టుకుని ఊళ్లోకి వెళ్లాడు.

ఉండిపోయింది కుబాత్, మెదెర్. మెదెర్ గొర్రెలు కాస్తాడు. కుబాత్ ఊరి బడికి హెడ్మాస్టరు. ఆ బడికే హెడ్మాస్టరు కావడం నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి.

ఎనిమిదో తరగతిలో ఈ ఇద్దరూ సమాత్‌ను నత్తివాడని ఏడిపించేవాళ్లు. ఒక శనివారం సాయంత్రం బడి వెనక బంగాళదుంపలు దాచే నేలకొట్టులోకి తోసి, తలుపు గడియపెట్టి ఇళ్లకు పోయారు. సోమవారం వంటమనిషి తీసేసరికి పిల్లవాడు బతికే ఉన్నాడు, నోట మాట మాత్రం పోయింది. ఇరవై ఆరేళ్లు మూగగా బతికి చచ్చిపోయాడు. ఎవరు చేశారో ఏనాడూ వేలెత్తి చూపలేదు.

పొగమంచు దిగుతోంది. కాలిన రబ్బరు వాసన ఇంకా పోలేదు.

"ఒరేయ్ కుబాత్, ఇవాళ సమాత్ వాళ్లమ్మకు చెప్పేస్తాన్రా," అన్నాడు మెదెర్.

"ఏం చెప్తావ్?"

"మనమేనని. నాకు నిద్రపట్టి ఎన్నాళ్లయిందో తెలుసా?"

"నీకేం పోయిందిలే. గొర్రెలు నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాయా? నా సంగతేంటి?"

"నువ్వూ రా. ఇద్దరం కాళ్లమీద పడదాం."

కుబాత్ గోతిలోకి తొంగి చూశాడు. "సరేలే. ముందు గూట్లో రాలిన మట్టి తీసెయ్. ఆ తర్వాత ఎవరి కాళ్లయినా పట్టుకుందువు."

మెదెర్ గోతిలోకి దిగి గూట్లోకి పాకాడు. వెనకే దిగిన కుబాత్ మొదటి ఇటుక పెట్టాడు. తర్వాత రెండోది. నిజం చెప్పాలంటే, చాలా ఏళ్ల తర్వాత అతనికి ప్రాణం హాయిగా అనిపించింది.

"వెలుతురు తగ్గిందేంట్రా?"

"చెప్పనని ఒట్టెయ్. తీస్తా."

"ఒరేయ్, తమాషా చాలు!"

చివరి ఇటుక పడింది. లోపల తన్నులు, తిట్లు, తర్వాత ఏడుపు. ఆ తర్వాత చిన్న గొంతు.

"కుబాత్... ఇక్కడ నేనొక్కణ్ణే లేను..."

"నటించింది చాలు."

"చెవిలో ఏదో అంటున్నాడు... మాట్లాడుతున్నాడ్రా..."

అంతే. ఇంక చప్పుడు లేదు.

కుబాత్ పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఇటుకలు లాగి పారేశాడు. కుళ్లిన బంగాళదుంపల వాసన గుప్పున కొట్టింది. గూడు ఖాళీ. చేత్తో తడిమాడు... మూడు వైపులా గట్టి మట్టే.

ఇటుకలన్నీ పైకి చేర్చాడో లేదో, జనం శవాన్ని మోసుకొచ్చారు.

"మెదెర్ ఏడీ?"

"చలికి ఆగలేక ఇంటికి పోయాడు."

మోసినవాళ్లకు చెమటలు పట్టాయి. "పుల్లలా ఉండేవాడు, ఇంత బరువేంటయ్యా!" అని గొణుక్కున్నారు.

అందుకోవడానికి గోతిలో ఉన్నది కుబాతే. శవాన్ని గూట్లోకి చేర్చి, ఆనవాయితీ ప్రకారం చుట్టిన తెల్లగుడ్డకు తల దగ్గరున్న ముడి విప్పబోయాడు. నోటి దగ్గర గుడ్డ తడిగా ఉంది. వెచ్చగా ఉంది.

"కుబాత్... నేన్రా... మెదెర్‌ని..."

పైన నలభై మంది. ఒక్క కేక వేస్తే చాలు. కానీ మెదెర్ ఇందులోకి ఎలా వచ్చాడంటే ఏం చెప్పాలి? ఎందుకు మూశావంటే ఏం చెప్పాలి? కుబాత్‌కు ఏడుపొచ్చింది. ముడి మరింత బిగించాడు.

ఇటుకలు అడిగి తీసుకుని, సందు లేకుండా పేర్చాడు. "చదువుకున్నవాడి పని చూడండి, ఎంత శుభ్రంగా ఉందో!" అన్నారెవరో. పారలు లేచాయి. మట్టి పడింది. లోపలి చప్పుడు మట్టి చప్పుడులో కలిసిపోయింది.

"ఈయన ఎలాంటివాడు?" అడిగాడు ఇమాం, పోయినవాడి గురించి ఆనవాయితీగా.

"మంచివాడు!" అన్నారంతా.

"మ్... మంచివాడు," అంది కుబాత్ పక్కనే ఒక గొంతు, కాస్త ఆలస్యంగా.

తిరిగి చూశాడు. మెదెర్. అదే టోపీ, అదే ముఖం. ఎవరూ వింతగా చూడలేదు. ఒక ముసలాయన వాడి భుజం తట్టి, "వచ్చావా?" అని కూడా అన్నాడు.

"హ్... హెడ్మాస్టరు గారూ, పద," కుబాత్ చెయ్యి పట్టుకున్నాడు వాడు. "అ... అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది. ఇ... ఇప్పుడు నాకు మాటొచ్చిందిగా. ఇద్దరం చెబుదాం."

ఆ చలిలో అందరి నోళ్లలోంచీ తెల్లగా ఆవిరి వస్తోంది. వాడి నోట్లోంచి మాత్రం రావడం లేదు.